కొండ మహల్లో నేను చదివిన శాసనం

మా అత్తగారింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు. గుడియాత్తంలో మా వీధి నిండా నేతవాళ్ల ఇళ్లే. వాళ్లందరిదీ అరవ బడి చదువు. నేను పలమనేరు దగ్గర పుట్టి, పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, పెళ్లై ఇక్కడికి వచ్చాను. మా ఊళ్లో నన్ను చదువుకున్నదని ఎవరూ అనలేదు. సరిహద్దు దాటి కాస్త ఇవతలికి వచ్చేసరికి పండితురాలినైపోయాను.

చిత్తూరు వైపు నుంచి పెళ్లి పత్రిక వస్తే నా దగ్గరికి తెచ్చేవారు. తిరుపతి నుంచి ఎవరైనా క్యాలెండరు తెస్తే నా దగ్గరికే. బస్టాండులో ఆంధ్రా బస్సు ఆగితే, దాని మీద అరవంలో కూడా రాసున్నా సరే, "నువ్వు చూసి చెప్పమ్మా" అని నన్నే ముందుకు తోసేవారు. నేను కళ్లు చికిలించి, ఒక్క క్షణం ఆగి, "పలమనేరు" అనేదాన్ని. ఆ క్షణం ఆగాల్సిన అవసరం లేదు. కానీ ఆగితే గౌరవం ఎక్కువ.

మా మామ యాభై ఏళ్లు లుంగీలు నేశారు. చూపు తగ్గాక మానుకున్నారు. మగ్గం గుంట పూడ్చి, పైన గచ్చు చేయించి, ఇప్పుడక్కడ వాషింగ్ మిషను పెట్టుకున్నాం. అది తిరిగేటప్పుడు ఇల్లంతా దడదడలాడుతుంది. మామ పేపరులోంచి తల ఎత్తకుండానే, "మగ్గం ఇంత సద్దు చేసేది కాదు" అంటారు.

ఆయన దగ్గర ఒక కథ ఉంది. వేలూరులో తెలుగు రాజులు కొలువున్న రోజుల్లో, పట్టణానికి తూర్పున కొండ మీద వాళ్లకొక మహలు ఉండేదట. రాణికి చీర నెయ్యాలి, కొండకు రమ్మని మా వంశంలో ఒక పెద్దాయనకు కబురొచ్చిందట. ఆయన మగ్గం మీద నుంచి లేవకుండానే, "పడుగు సగంలో ఉండాది, లేస్తే పోగు తప్పుతాది, ఇప్పుడు రాలేను పో" అన్నాడట. తల తీసేస్తారని వీధి వీధంతా ఏడిస్తే, రాజు మాత్రం పనిమీద అంత భక్తి ఉన్నవాడని మెచ్చుకుని, ఆయన పేరు మహల్లో రాతి మీద చెక్కించాడట.

నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఈ కథ విన్నాను. తర్వాత వచ్చిన ప్రతి చుట్టంతో పాటు మళ్లీ విన్నాను. ఆ రాయిని చూసినవాళ్లు మాత్రం మా ఇంట్లో ఒక్కరూ లేరు. వేలూరు ఏమంత దూరం కాదు. ఆస్పత్రులకు పోయాం, సంతకాల కోసం సత్తువాచారిలో కలెక్టరాఫీసుకు పోయాం, కొండ మాత్రం ఎక్కలేదు. చూస్తే కథ ఏమవుతుందోనని మామకు లోపల భయం ఉండేదేమో. మా అత్తకు అసలు ఆ కథంటేనే గిట్టదు. "రాజు పిలిస్తే పోనోడి పేరు రాయి మీద ఎవురు రాస్తారప్పా? సోమరితనానికి ఒక సాకు" అనేది.

మామ పెదనాన్న కొడుకు ఒకాయన ఉన్నారు. మేమాయన్ని పెద్దింటి మామ అంటాం. లుంగీల షాపు, నేతవాళ్ల సంఘంలో పదవి, పదవికి తగ్గ పొట్ట. రెండేళ్ల కిందట సంఘం కొత్త హాలు కట్టి, ప్రారంభానికి ఒక పుస్తకం వెయ్యాలనుకుంది. మామ పోయి మా వంశం కథ వెయ్యమన్నారు. "రాయి ఉంటే ఫోటో తీసుకొని రాప్పా, వేస్తాము. నోటి మాటకు పేజీ ఇస్తే రేపు ఊరంతా రాజుగారి చుట్టాలే" అన్నారు పెద్దింటి మామ.

న్యాయంగా చూస్తే వంశం ఇద్దరిదీ ఒకటే. కానీ రాయంటూ ఉంటే దాని మీద ఉండేది పెద్దింటి పేరే అని ఆయన వాదం. అందుకని సాక్షిగా తానూ వస్తానన్నారు. చదవడానికి నేను రావాలన్నారు ఇద్దరూ. ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఒక ఆదివారం పొద్దున్నే మామ, పెద్దింటి మామ, మా ఆయన, నేను వేలూరు బస్సెక్కాం. అత్త చిత్రాన్నం కట్టిచ్చింది కానీ రానంది. "పిలిచినప్పుడు పోలేదు, ఇప్పుడు పిలవకుండానే పోతా ఉండారు" అని వాకిట్లో నిలబడి సాగనంపింది. మామ ఉతికిన పంచె కట్టి, భుజాన కండువా వేసి, అచ్చం పెళ్లికి పోతున్నట్టున్నారు. కే.వి.కుప్పం దాటేదాకా కథ చెప్పారు. పాలారు వంతెన మీదికి వచ్చేసరికి రెండోసారి మొదలుపెట్టారు. పెద్దింటి మామ కళ్లు మూసుకుని నిద్ర నటించారు.

వేలూరులో దిగగానే మా ఆయన, "కింద కోట చూసి పోదామా నాయనా? అగడ్తలో నీళ్లున్నాయంట" అన్నాడు.

"అది అందరిదీరా. మనది పైనుండేది" అన్నారు మామ.

కొండకు దారి ఇళ్ల వెనక నుంచి. అంట్లు తోముకుంటున్న ఒకావిడను అడిగితే, మా వైపు వింతగా చూసి, అక్కడ ఏమీ లేదని అరవంలో చెప్పింది. "అంగ ఒణ్ణుమే ఇల్లయే!" అని ఇంకోసారి గట్టిగా అంది, మాకు వినబడలేదేమోనని. మామ సంతోషపడ్డారు. "తెలియనోళ్లకు ఏమీ ఉండదమ్మా. అంతే కదా" అన్నారు.

ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది, యాభై ఏళ్లు మగ్గం తొక్కిన కాళ్లంటే ఏమిటో. మామ పంచె పైకి కట్టి మేకలా ఎక్కిపోతున్నారు. నేనూ మా ఆయనా రొప్పుతూ వెనక. పెద్దింటి మామ ప్రతి మలుపు దగ్గరా కూర్చుని, కింద పట్టణాన్ని చూపించి, అది ఏ వీధో ఇది ఏ వీధో మాకు వివరించారు. ఆయన ఊపిరి ఆడడం కోసమే వేలూరు వీధులన్నీ మేము నేర్చుకున్నాం.

పైన రాతి గోడలు, విరిగిన బురుజు, కప్పు లేని ఒక సావడి, దాని పక్కన మూడు గోడలు మిగిలిన గదులు రెండు. గోడల మీద బొగ్గుతోనూ రంగుతోనూ జంటల పేర్లు. ఒక పేరు నాలుగు చోట్ల ఉంది, ప్రతిచోటా పక్క పేరు వేరు. నేల మీద సీసా పెంకులు. మామకు మాత్రం అవేవీ కనబడలేదు. చూపు తగ్గడంలో ఒక సుఖం ఉంది.

చిన్న గది గుమ్మంలో ఆగి, "ఇది రాణి గది" అన్నారు.

"ఎట్ల తెలుసునప్పా నీకు?" అన్నారు పెద్దింటి మామ.

"కిటికీ చూడు, చిన్నది. ఆడోళ్లకు గాలి తగలాల, ఎండ తగలకూడదు."

గోడ నీడన ఒక ముసలామె మేకల్ని మేపుకుంటోంది. మా మాటలు విని తెలుగులోనే అందుకుంది. "వానొస్తే నా మేకలు ఆడనే ఉంటాయి నాయనా" అంది. మామ లోపలికి పోయి, గోడ వెంబడి మోచేత్తో మూరలు కొలిచారు. ఈ చివర నుంచి ఆ చివరకు. "పన్నెండు మూరలు. తెర కట్టాలంటే రెండు పన్నాల గుడ్డ కలిపి కుట్టాల" అన్నారు. ఎవరితోనూ కాదు, తనలో తనే. అప్పుడాయన రాణి గదిలో లేరు, పనిలో ఉన్నారు. నాకెందుకో కళ్లు చెమ్మగిల్లాయి. ఎక్కిన ఆయాసం కూడా కావచ్చు.

"అవ్వా, రాతలుండే రాయి యాడైనా ఉండాదా?" అని మా ఆయన అడిగాడు.

"ఎందుకు లేదు? వాకిలి కాడ పడుండాది. దాని మీదనే కూర్చొని నేను సంగటి తింటా" అంది అవ్వ.

నిజంగానే ఉంది. కూలిన వాకిలి పక్కన, పక్కకు ఒరిగి, సగం మట్టిలో. నిలువెత్తు బండ. మా ఆయన నీళ్లు పోసి కండువాతో తుడిచాడు. తడికి అక్షరాలు తేలాయి. గుండ్రంగా, గొలుసులా, ఒకదాన్నొకటి ఆనుకుని, నాలుగైదు వరుసలు. అరవం కాదని అందరికీ తెలిసిపోయింది.

మామ చెప్పులు విప్పారు. ఆయన్ని చూసి పెద్దింటి మామ కూడా విప్పారు. మా ఆయన ఫోనులో ఫోటో తీశాడు. తర్వాత ముగ్గురూ నా వైపు చూశారు.

నేను వంగి చూశాను. తల పక్కకు తిప్పి చూశాను. అక్షరాలు తెలుగులాగే ఉన్నాయి, తెలుగు కావు. చిన్నప్పుడు తెలిసిన మనిషి ముసలివాడై ఎదురైనట్టు, ముఖం తెలుస్తోంది, పేరు తెలియడం లేదు. ఒకచోట "న" లాంటిది కనిపించింది. అది "న" అవునో, రాయి పెచ్చు లేచిందో. ఇది నాకు రాదు మామా. నాలుగు మాటలు. చెప్పి ఉంటే సరిపోయేది.

"శ్రీ" అన్నాను. ఎవరు చెక్కించినా శ్రీతోనే మొదలుపెడతారు గదా అని నా ధైర్యం.

మామ చేతులు జోడించారు. "అప్పురం? తర్వాత?" అన్నారు.

"కొంచెం అరిగిపోయింది మామా."

"నేత అని ఉండాదా చూడు."

"న అయితే ఉంది."

"న ఉంటే నేతే! వంశం?"

"వంశం... ఉన్నట్టే ఉంది."

"పెద్ద కొడుకని ఉండాదా, చిన్న కొడుకనా?" పెద్దింటి మామ నా భుజం మీదుగా వంగారు. బరువైన ఊపిరి నా మెడకు తగులుతోంది.

"అక్కడ విరిగిపోయింది పెద్దమామా" అన్నాను. ఆ రోజు నేను తెలివిగా చేసిన పని అదొక్కటే.

అలా వాళ్లు అడుగుతూ, నేను తల ఊపుతూ, శాసనం పూర్తయింది. శ్రీ, ఫలానా నేత వంశం వారి భక్తికి మెచ్చి రాజు ఈ మహల్లో వేయించిన శిల. మా ఆయన ఫోనులో రాసుకున్నాడు. మామ రాయిని తాకి కళ్లకద్దుకున్నారు. అవ్వ ఇదంతా చూసి, "మునుపొకసారి ఎవరో వచ్చి, నిధి ఉండాదని రాసుండాదని చదివి, రెండు దినాలు తవ్విపోయినారు. నీ చదువే మేలు తల్లీ, తవ్వే పని లేదు" అంది.

దిగేటప్పుడు మా ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా, "నిజంగా చదివినావా?" అన్నాడు.

"నీకు అనుమానముంటే నువ్వు చదవాల్సింది" అన్నాను. తప్పు చేసినవాళ్ల గొంతుకు ఎంత పదును వస్తుందో ఆ రోజు నాకే ఆశ్చర్యమేసింది.

పుస్తకం వచ్చింది. ఒక పేజీ నిండా రాయి ఫోటో, పక్కన మామ చేతులు జోడించి. కింద అరవంలో నా పాఠం. చదివినది: వీరి కోడలు. హాలు ప్రారంభం నాడు మామకు శాలువా కప్పారు. వీధిలో పలకరింపులు మారిపోయాయి. ఎవరింట్లోనో పాత రాగి చెంబు మీద గీతలుంటే అది కూడా నా దగ్గరికే తెచ్చారు. చెంబు సొట్టలు పోయిందని చెప్పి పంపేశాను.

మామ వచ్చినవాళ్లకు పుస్తకం తెరిచి చూపించిన ప్రతిసారీ నేను వంటింట్లోకి పోయేదాన్ని. చివరికి సంఘానికి ఉత్తరం రాశాను. ఆ రాయి మీద ఉన్నది చదవడం ఆ కోడలికి రాదు, కల్పించి చెప్పింది, దయచేసి దిద్దండి అని. సంతకం పెట్టే ధైర్యం లేదు. అరవం చదవగలను గానీ తప్పుల్లేకుండా రాయలేను. అందుకని తెలుగులో రాశాను.

నాలుగో రోజు పెద్దింటి మామ ఆ కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "సంఘానికి ఎవురో తెలుగులో ఉత్తరం రాసినారు. మాలో చదివేవాళ్లు లేరు గదా. ఏముండాదో చూసి చెప్పమ్మా" అన్నారు.

నా ఉత్తరం నా చేతిలో పెట్టారు. మామ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నేను ఒక్క క్షణం ఆగాను. ఈసారి ఆగడం గౌరవం కోసం కాదు. తర్వాత, "పుస్తకం బాగుందని రాశారు పెద్దమామా. ఎవరో పెద్దవాళ్లు. ఆశీర్వదించారు" అన్నాను.

"పేరు రాయలేదా?"

"లేదు."

"మంచోళ్లు అట్లే ఉంటారు" అన్నారు మామ.

ఆ తర్వాత మూడు నెలలకు ఒక అమ్మాయి ఫోను చేసింది. శాసనాలు చదివే చదువు చదువుతోందట. పుస్తకంలో ఫోటో చూసిందట. తానే కొండెక్కి, రాయి మీద తడి కాగితం అద్ది, సిరా పట్టించి, ముద్ర తీసుకుని మా ఇంటికి వచ్చింది. మామ పెద్దింటి మామను పిలిపించారు. అత్త కాఫీ కలిపింది. ఆ అమ్మాయి కాగితాన్ని మా హాల్లో నేల మీద పరిచింది. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు, కొండ మీద కనిపించిన దానికన్నా స్పష్టంగా. అయినా నాకు ఒక్కటీ తెలియలేదు.

"అక్కా, శ్రీ అని ఎక్కడ చదివారు? పైభాగం మొత్తం విరిగిపోయింది కదా" అంది, తప్పు పట్టే గొంతుతో కాదు, నేర్చుకునే గొంతుతో. అదే ఎక్కువ బాధించింది.

నేను కాఫీ గ్లాసులు సర్దుతూ ఉండిపోయాను.

"మరి ఏముండాదమ్మా?" అన్నారు మామ.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. తెలుగే, పాత తెలుగు. మగ్గాలవారు అని ఉంది. కుమ్మరులు అని ఉంది. వాకిలి అని ఉంది. చివర పోరాదు అని ఉంది. "మగ్గాలవారు, కుమ్మరులు, ఇంకెవరో, ఈ వాకిలి దాటి లోపలికి పోరాదు. ఇంతవరకు తెలుస్తోంది తాతా. మిగతాది విరిగింది. నా చదువులో తప్పు ఉండొచ్చు, మా సారుకు చూపించాలి" అంది.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామ కాగితం మీదికి వంగారు. "మగ్గాలవారని ఉండాదా? నిజంగా?"

"ఉంది తాతా. ఇదిగో."

"చూసినావా!" అని పెద్దింటి మామ వైపు తిరిగారు. "రాయి మీద మన మాట ఉండాది. పోకూడదని ఉండబట్టే మన పెద్దాయన పోలేదు."

"రాజే పిలిచినాడంటివే?"

"పిలిచేవాడు వేరే, వాకిలి కాసేవాడు వేరే. కలెక్టరాఫీసులో ఇప్పుడు మాత్రం ఎట్లుండాది?"

ఆ అమ్మాయి పోయాక పుస్తకంలో పాఠం దిద్దడం గురించి మాట వచ్చింది. ఆ విషయంలో ఇద్దరిదీ మళ్లీ ఒకే మాట. లోపలికి రావద్దన్నారని పేజీలో వేసుకునే వంశం ఎక్కడా ఉండదని పెద్దింటి మామ అన్నారు. అవునన్నారు మామ. అచ్చైనది అట్లే ఉండనీ అనుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం నేను ఉతికిన బట్టలు మడత పెడుతుంటే మామ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఆ పొద్దు నీకు చదవను రాలేదు గదా?"

"రాలేదు మామా."

"మరి ఎందుకు చదివినావు?"

"మీరు చెప్పులు విప్పినారు" అన్నాను. ఉత్తరం సంగతి కూడా చెప్పేశాను. ఆయన నవ్వుతారనో తిడతారనో చూశాను. రెండూ చెయ్యలేదు. ఒక లుంగీ తీసుకుని, అంచు అంచుకు కలిపి, నాకన్నా నీటుగా మడిచి పెట్టారు.

"ఇంక మీద నీ చదువు నమ్మేదానికి లేదమ్మా" అన్నారు చివరికి. "నాకు నేర్పించు. నేనే చదువుకుంటా."

నా చదువు మీద నమ్మకం పోయి నా దగ్గరే చదువుకు చేరిన శిష్యుడు ఆయన. మర్నాడే పలక కొనుక్కొచ్చారు. మందపాటి అద్దాలు పెట్టుకుని, గుప్పెడంత అక్షరాలు రాసేవారు. అరవంలో ఒక్క క ఉంటే సరిపోయేదానికి మనకు నాలుగెందుకని నాతో వారం రోజులు పోట్లాడారు. గుణింతాలు వేగంగా వచ్చాయి. వత్తులు రాలేదు. పెద్దింటి మామ ఒకటి రెండుసార్లు వచ్చి, ఊరికే చూసి పోతానని కూర్చుని, పలక మీదికి వంగి చూసేవారు.

నాలుగు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. చదవడానికే ఏమీ లేదు. గుడియాత్తంలో తెలుగు కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో ఉన్న రెండు పెళ్లి పత్రికలు, క్యాలెండరు అయిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా, నా పాత ట్రంకు పెట్టె అడుగున దొరికిందని ఏదో కాగితం పట్టుకుని వచ్చారు. నా తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు. నేనే మరిచిపోయాను. మా తెలుగు అయ్యవారు ఎర్ర సిరాతో రాసిన వరుస మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివారు.

"తె... లు... గు... లో... శ్ర..."

తర్వాతి వత్తు దగ్గర ఆగిపోయారు. నేను పొయ్యి తగ్గించి వచ్చి, పక్కన నిలబడి, "ద్ధ" అని అందించాను. "శ్రద్ధ చాలదు."